సీసాలో మొక్కకు వెలుగు మోసే కబురు: అరటి టిష్యూ కల్చర్‌లో కాంతి రంగు, హార్మోన్లు

అందరికీ నమస్కారం. ఇక్కడ రోజూ లామినార్ ఫ్లో ముందు కూర్చునేవాళ్లున్నారు, హార్డెనింగ్ షెడ్లు, అంటే సీసా మొక్కను బయటి గాలికి అలవాటు చేసే చోట్లు, చూసుకునేవాళ్లున్నారు, ఎమ్మెస్సీ చదివే పిల్లలున్నారు. కాబట్టి ఆటోక్లేవ్ అంటే ఏమిటో చెబుతూ కూర్చోను. నేరుగా గ్రోత్ రూమ్‌లోకి, అంటే మొక్క ముక్కలను పోషకాల మీడియం ఉన్న సీసాల్లో దీపాల కింద పెంచే గదిలోకి పోదాం.

ఒక సీసా చేతిలోకి తీసుకున్నారనుకోండి. గ్రాండ్ నైన్ అరటి, నాలుగో సబ్‌కల్చర్, అంటే కొత్త మీడియంలోకి మార్చిన నాలుగో విడత, మార్చి 25 రోజులైంది. అడుగున తెల్లగా ఉబ్బిన మొదలు, దాని మీద గుత్తిగా పదీ పన్నెండు పిలకలు. ఒక్కటీ అంగుళం దాటలేదు. ఆకు చుట్టుకునే ఉంది, విప్పుకోలేదు. మూత లోపలివైపు నీటి చుక్కలు పట్టాయి. మొదలు చుట్టూ మీడియంలో నల్లటి చార. ఇప్పుడు ఏం చేస్తారు? పదిమందిలో తొమ్మిదిమంది పిలకల కోసం మీడియంలో కలిపే హార్మోన్ బీఏపీ గురించి ఆలోచిస్తారు, తగ్గించాలా పెంచాలా అని. ఆ సీసా ఏ ర్యాక్‌లో ఏ దీపం కింద ఉందో అడిగేవాడు ఒక్కడుంటే గొప్ప. ఆ ఒక్కడి ప్రశ్న గురించే ఇవాళ్టి మాట.

పాఠ్యపుస్తకాల్లో హార్మోన్లు ఒక అధ్యాయం, కాంతి వేరే అధ్యాయం. అదే మనకు అలవాటైపోయింది. నిజానికి రెండూ దాదాపు ఒకే కాలంలో బయటపడ్డాయి. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం లెట్యూస్ విత్తనాల మీద ఎర్ర కాంతి వేస్తే మొలిచాయి, వెంటనే ఫార్‌రెడ్, అంటే ఎరుపుకు ఆవల కంటికి సరిగా ఆనని కాంతి, వేస్తే మొలవడం ఆగింది, మళ్లీ ఎరుపు వేస్తే మళ్లీ మొలిచాయి. ఆఖరున ఏ రంగు పడిందో దానిదే మాట. అదే దశకంలో విస్కాన్సిన్‌లో స్కూగ్, మిల్లర్ పనిచేస్తున్నారు. 1955లో వాళ్ల ల్యాబులో కైనెటిన్ అనే సైటోకైనిన్ దొరికింది, అదీ హెర్రింగ్ చేప వీర్యపు డీఎన్ఏ నుంచి. 1957లో పొగాకు దవ్వ మీద ఆక్సిన్, సైటోకైనిన్ అనే రెండు రకాల హార్మోన్ల పాళ్ల సంగతి తేల్చారు: సైటోకైనిన్ ఎక్కువైతే పిలకలు, ఆక్సిన్ ఎక్కువైతే వేర్లు, రెండూ సరిసమానంగా ఉంటే కాలస్, అంటే రూపం లేని కణాల ముద్ద. 1962లో అక్కడినుంచే మురాషిగే, స్కూగ్ మీడియం వచ్చింది. మనం ఈ రోజుకీ ఎమ్మెస్ అని పొట్లాలు చింపేది దాన్నే. ఆ రెండు పనులూ ఒకే మొక్కలో కలుస్తాయన్నది మన నోటుపుస్తకాల్లోకి ఎక్కడానికి చాలా కాలం పట్టింది.

ముందు ఒక లెక్క చూడండి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆకు మీద సెకనుకు, చదరపు మీటరుకు సుమారు 2000 మైక్రోమోల్స్ (వెలుగు రేణువుల లెక్క) వెలుగు పడుతుంది. మన ర్యాక్‌లో 40, 50. అంటే నలభయ్యో వంతు. పైగా మూత బిగించి ఉంటే, దీపాలు వెలిగిన కాసేపటికే సీసాలో కార్బన్ డయాక్సైడ్ పలచబడిపోతుంది. ఇంత వెలుగుతో, ఇంత గాలితో మొక్క వండుకునేది చాలా తక్కువ. దాని తిండి మనం లీటరుకు వేసే 30 గ్రాముల చక్కెర. మరి తిండికి పనికిరాని వెలుగు మార్చితే మొక్క రూపం ఎందుకంతగా మారిపోతోంది? సీసాలో వెలుగు చేసే పెద్ద పని కబురు మోయడం గనక. ఆ కబురు అందాక మొక్క తన లోపలి హార్మోన్లను తానే సర్దుకుంటుంది. అంటే మీడియంలో మనం పోసే బీఏపీ ఒక్కటే హార్మోన్ కాదు. దీపం మార్చినా హార్మోన్ మార్చినట్లే.

మొక్కలో ఈ కబురు అందుకునే ప్రోటీన్లు ముఖ్యంగా మూడు. ఫైటోక్రోమ్ 660 నానోమీటర్ల ఎరుపును, 730 దగ్గరి ఫార్‌రెడ్‌ను చూస్తుంది. క్రిప్టోక్రోమ్, ఫోటోట్రోపిన్ నీలాన్ని చూస్తాయి. మిగతా పేర్లు ఈ పూటకు వదిలేద్దాం.

నారుమడి ఒత్తుగా పోస్తే నారు సన్నగా సాగిపోవడం అందరికీ తెలిసిందే. ఎండ చాలక అంటాం. సగం నిజం. పక్క మొక్కల ఆకులు ఎరుపునూ నీలాన్నీ తాగేసి, ఫార్‌రెడ్‌ను కిందికి వదిలేస్తాయి. ఆరుబయట ఎరుపు, ఫార్‌రెడ్ నిష్పత్తి 1.2 దగ్గర ఉంటుంది, దట్టమైన నీడలో అది 0.1, 0.2కి పడిపోతుంది. ఫైటోక్రోమ్ దాన్ని పసిగడుతుంది. అప్పుడు పిఫ్ అనే ప్రోటీన్లు నిలదొక్కుకుని, ఆకుల్లో ఆక్సిన్ తయారీని పెంచుతాయి. ఆ ఆక్సిన్ కాండంలోకి దిగుతుంది, కణుపుల మధ్య దూరం పెరుగుతుంది. అదే ఆక్సిన్ లేత ఆకుల్లో సైటోకైనిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌ను కూడా లేపుతుంది. అందుకే నీడలో కాండం సాగుతుంది, ఆకు చిన్నబోతుంది, పక్క మొగ్గలు నిద్రపోతాయి. మన భాషలో చెప్పాలంటే ఫార్‌రెడ్ పడటమంటే ఆక్సిన్ పాలు పెరిగి సైటోకైనిన్ పాలు తగ్గినట్లు. స్కూగ్, మిల్లర్ సీసాలో పోసి చూపించిన పాళ్లనే వెలుగు మొక్క లోపల మారుస్తోంది.

ఇంకో రెండు ప్రయోగాలు దీన్ని మరీ బాగా చూపిస్తాయి. టమాటా కొనమొగ్గను కోసి కల్చర్‌లో పెట్టి చీకట్లో ఉంచితే, చక్కెర ఉన్నా కొత్త ఆకులు పుట్టడం ఆగిపోతుంది. ఆ మొగ్గకు సైటోకైనిన్ అందిస్తే చీకట్లోనే మళ్లీ ఆకు పుట్టడం మొదలవుతుంది. గులాబీలోనూ అంతే. చీకట్లో కణుపు దగ్గరి మొగ్గ పగలదు. సైటోకైనిన్ అందితే చీకట్లోనే పగులుతుంది. అంటే ఆ మొగ్గల వరకు వెలుగు చేసే పనిలో పెద్ద వాటా సైటోకైనిన్ తయారుచేయించడమే.

అరటిలో మనం రోజూ చేసే ఒక పనికి ఇది అర్థం చెబుతుంది. సూది పిలకలు తెచ్చి, కడిగి, దుంపతో సహా చెక్కి, స్టెరిలైజ్ చేసి, రెండు మూడు లేత ఆకు పొరలున్న కొనమొగ్గను మీడియంలో పెడతాం. మొదటి వారం పది రోజులు చీకట్లో ఉంచడం చాలా ల్యాబుల్లో పద్ధతి. వెలుగులో ఫినాల్స్ అనే రసాయనాలు ఎక్కువ ఊరి కోత నల్లబడుతుంది, ఆ నలుపు మొగ్గను చంపుతుంది కాబట్టి. చీకట్లో పెట్టినా మొగ్గ ఎందుకు ఆగిపోదు? మీడియంలో బీఏపీ అనే సైటోకైనిన్ ఉంది కాబట్టి, అది వెలుగు వాటా పని చేస్తోంది కాబట్టి. అందుకే హార్మోన్ లేని మీడియంలో చీకట్లో పెట్టి, మొగ్గ ఉలకడం లేదేమిటని ఎదురుచూడకండి.

ఇక దీపాల సంగతి. పాత ఫ్లోరసెంట్ ట్యూబుల్లో ఫార్‌రెడ్ దాదాపు ఉండదు. అందుకే వాటి కింద పెరిగిన మొక్క కురచగా, గుత్తిగా ఉంటుంది. మన పిలకల సంఖ్యలకు అలవాటుపడింది ఆ వెలుగులోనే. తెల్ల ఎల్ఈడీలోనూ ఫార్‌రెడ్ కొద్దిగానే ఉంటుంది. పెట్టె మీద 6500 కెల్విన్ అని ఉంటే నీలం ఎక్కువ, 3000 అని ఉంటే ఎరుపు ఎక్కువ. కొనేటప్పుడు వాట్లు చూస్తారు, ధర చూస్తారు, ఈ అంకె మాత్రం చూడరు. ఒక ర్యాక్‌లో 6500, పక్క ర్యాక్‌లో 3000 పెట్టి, రెండు ర్యాకుల పిలకలూ ఒకేలా లేవేమిటని మీడియం చేసినవాళ్ల మీద కేకలేస్తుంటారు.

ఎర్ర ఎల్ఈడీ ఒక్కటే పెడితే చాలా మొక్కల్లో రెమ్మ సాగుతుంది, ఆకు పలచబడి పాలిపోతుంది, ఆకు రంధ్రాలు సరిగా పనిచేయవు. సీసాలో చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, పొడుగ్గా ఉంది కదా అని. షెడ్‌లోకి తీసుకెళ్లిన రెండో రోజే తల వాల్చేస్తుంది. నీలం కలిపితే కాండం గట్టిపడుతుంది, ఆకు పచ్చగా మందంగా వస్తుంది. క్రిప్టోక్రోమ్ లోపలి జిబ్బరెల్లిన్‌ను, అంటే కాండాన్ని సాగదీసే హార్మోన్‌ను తగ్గించడం అందులో ఒక కారణం. అయితే నీలమంటే ఎప్పుడూ కురచే అని రాసేసుకోకండి. నీలం ఒక్కటే, అదీ తక్కువ మోతాదులో వేస్తే కొన్ని మొక్కలు ఉల్టాగా సాగుతాయి. ఎరుపు అసలే లేకపోతే ఫైటోక్రోమ్ సగం నిద్రలో ఉండి, నీడలో ఉన్నానని మొక్క అనుకోవడమే కారణం. ఎరుపు 70, 80 పాళ్లు, నీలం 20, 30 పాళ్లు చాలామంది మొదలుపెట్టే చోటు. నన్నడిగితే ఉత్పత్తి ల్యాబుకు తెల్ల ఎల్ఈడీయే మేలు, కావాలంటే దాంట్లో కొన్ని 660 ఎర్ర దీపాలు చేర్చుకోండి. ఎరుపు, నీలం కలిసిన ఊదా వెలుగులో ఆకు పాలిపోయిందా, మీడియంలో బ్యాక్టీరియా పాలపొరలా అలుముకుందా అన్నది కంటికి ఆనదు. కంటామినేషన్ ఏరే అమ్మాయిలకు గంటకే తలనొప్పి వస్తుంది. ల్యాబులో ఎక్కువ డబ్బు పోయేది కంటామినేషన్‌లోనే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

వెలుగు కొలవడంలో పెద్ద తప్పు ఒకటి జరుగుతుంటుంది, అక్కడ కాసేపు ఆగుదాం. చాలా ప్రోటోకాల్స్‌లో 3000 లక్స్ అని ఉంటుంది. లక్స్ అనేది మనిషి కన్ను లెక్క. మన కన్నుకు ఆకుపచ్చ ఎక్కువ కనిపిస్తుంది. చివర్లలో ఉండే ఎరుపు, నీలం తక్కువ. కూల్ వైట్ ట్యూబ్ కింద 74 లక్స్ ఒక మైక్రోమోల్‌తో సమానం. అంటే 3000 లక్స్ దాదాపు 40 మైక్రోమోల్స్. మన పనికి సరిగ్గా సరిపోతుంది. అదే 660, 450 నానోమీటర్ల ఎల్ఈడీల కింద ఒక మైక్రోమోల్‌కు వచ్చేది సుమారు 7 లక్స్. 40 మైక్రోమోల్స్ కావాలంటే మీటరు 280 చూపిస్తే చాలు. ప్రోటోకాల్‌లో ఉందని 3000 లక్స్ వచ్చేదాకా దీపాలు పెంచితే అక్కడ 400 మైక్రోమోల్స్ దాటుతాయి. చక్కెర మీద బతికే లేత పిలక అంత వెలుగును తట్టుకోలేదు. ఆకు తెల్లబడుతుంది, మొదలు నల్లబడుతుంది. చౌక లక్స్ మీటర్లు ఈ చివరి రంగుల దగ్గర ఇంకా తప్పుగా చూపిస్తాయి. రంగు ఎల్ఈడీ వాడేవాళ్లు మైక్రోమోల్స్ చూపించే క్వాంటం మీటర్ కొనాల్సిందే, కనీసం ఒకరోజు అరువు తెచ్చుకోవాల్సిందే.

కొలిచేది కూడా ర్యాక్ పలక మీద కాదు. ఖాళీ సీసాలో సెన్సార్ పెట్టి, మూత బిగించి, ఆకు ఉండే ఎత్తులో కొలవండి. పాలరంగు ప్లాస్టిక్ మూత వెలుగులో చెప్పుకోదగ్గ భాగం తినేస్తుంది. పలక మధ్యలో 50 ఉంటే మూలల్లో 25 ఉండటం మామూలే. మూలల సీసాలను వారానికోసారి మధ్యకు మార్చడం బీఏపీ సవరించడం కన్నా చౌక. రోజుకు 16 గంటలు, 50 మైక్రోమోల్స్ అంటే మొత్తం 2.88 మోల్స్. మోతాదు పెంచడం, గంటలు పెంచడం రెండూ ఒకటి కావు, గానీ దీపం బలహీనమైతే ఈ లెక్క కొంత దారి చూపుతుంది.

ఇందాకటి సీసా మూతలో నీటి చుక్కలు గుర్తున్నాయా? పాత ట్యూబులూ చోకులూ ఒక పలక అడుగున ఉంటాయి, ఆ వేడి పై పలక మీది సీసాల అడుగుకు తగులుతుంది. అడుగు వెచ్చన, మూత చల్లన. మీడియంలో నీరు ఆవిరై మూతకు చేరుతుంది. ఆ ఉక్కలో, బీఏపీ ఎక్కువగా ఉన్నచోట, అగర్ పలచగా ఉన్నచోట పిలకలు నీరుపట్టి గాజులా తయారవుతాయి. చిమటాతో ముట్టుకుంటే పుటుక్కున విరుగుతాయి. ఎల్ఈడీ పెట్టి, దాని డ్రైవర్‌ను, అంటే దీపానికి కరెంటు అందించే పెట్టెను, గది బయట పెడితే ఈ బెడద సగం తగ్గుతుంది. మార్చాక మెరుగుదల కనిపిస్తే అది రంగు మార్చిన పుణ్యమా, వేడి తగ్గిన పుణ్యమా అని మాత్రం ఒకసారి ఆలోచించండి. పోల్చి చూశామని చెప్పే ప్రయోగాల్లో ఈ రెండూ కలిసిపోయి ఉండటం కద్దు.

హార్మోన్ల వైపు వద్దాం. బీఏపీ స్టాక్ ఎలా కలుపుతారో అందరికీ తెలుసు, అయినా తప్పు అక్కడే జరుగుతుంది. 100 మిల్లీగ్రాములు తూచి, 2, 3 మిల్లీలీటర్ల ఒక నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో పూర్తిగా కరిగాకే నీళ్లు నెమ్మదిగా పోసి 100 మిల్లీలీటర్లు చేయాలి. కరగకముందే నీళ్లు పోస్తే తెల్లటి నలుసులు అడుగున చేరతాయి. అలాంటి స్టాక్‌లో పైన తీసింది పలచన, అడుగున తీసింది చిక్కన. సరిగ్గా కలిపితే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము. లీటరుకు 3 మిల్లీలీటర్లు వేస్తే 3 మిల్లీగ్రాములు. పీహెచ్ 5.8కి సరిచేయడం హార్మోన్లు, చక్కెర వేశాక, అగర్ వేయకముందు. బీఏపీ ఆటోక్లేవ్ వేడికి తట్టుకుంటుంది. జియాటిన్, జిబ్బరెల్లిక్ యాసిడ్ అనే హార్మోన్లను మాత్రం 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, మీడియం చేతికి ఓర్చుకునేంత చల్లారాక కలపండి.

పేపర్లు చదివే పిల్లలు చేసే పొరపాటు మరొకటుంది. అక్కడ 20 మైక్రోమోలార్ బీఏపీ అని ఉంటుంది. ఇక్కడ 20 మిల్లీగ్రాములు తూచేస్తారు. బీఏపీ అణుభారం 225. 20 మైక్రోమోలార్ అంటే లీటరుకు 4.5 మిల్లీగ్రాములే. 20 మిల్లీగ్రాములు వేస్తే దాదాపు 89 మైక్రోమోలార్. పిలకలు బోలెడు వస్తాయి, ఒక్కటీ లేవదు.

అరటికి పెంచే దశలో లీటరుకు 2 నుంచి 5 మిల్లీగ్రాముల బీఏపీ మామూలు. గ్రాండ్ నైన్ లాంటి కావెండిష్ రకానికి కుదిరింది చక్కెరకేళికో, బొంతకో కుదురుతుందనుకోకండి, రకం మారితే మళ్లీ చూసుకోవాలి. బీఏపీలో అసలు చిక్కు అది వెళ్లిపోకపోవడం. మొక్క దానికి చక్కెర అణువు తగిలించి తన మొదలు దగ్గర దాచుకుంటుంది. ఆ రూపం తేలిగ్గా విరగదు. అందుకే హార్మోన్ లేని మీడియంలోకి మార్చినా ఒక విడత దాకా పాత బీఏపీయే పనిచేస్తుంది, వేర్లను ఆపుతుంది. మెటా టోపోలిన్ అనే సైటోకైనిన్‌కు తగిలే చక్కెర ఎక్కువగా వేరే చోట తగులుతుంది, అది తిరిగి విడిపోతుంది కాబట్టి వేర్లు తొందరగా వస్తాయి. ఖరీదు మాత్రం ఎక్కువ. టీడీజెడ్ అనే సైటోకైనిన్ అయితే ఇంకా మొండిది. అసలు పత్తి ఆకు రాల్చడానికి తయారుచేసిన మందు; పిసరంత వేసినా పిలకలు కిక్కిరుస్తాయి, పిడికిలిలా ముద్దకట్టి కూర్చుంటాయి. దాన్ని వాడి, ఆపైన ఎదగడం లేదని దీపాలను తిట్టి లాభం లేదు.

బీఏపీ ఎక్కువ, విడతలు ఎక్కువ అయితే పొలంలో తేడా మొక్కలు బయటపడతాయి: మరుగుజ్జులు, సన్నటి ఆకులవి, చారల ఆకులవి. ల్యాబులు ఎనిమిది విడతల దగ్గర ఆగి కొత్త పిలకలతో మళ్లీ మొదలుపెట్టేది అందుకే. 2006 నుంచి మన దేశంలో విత్తన చట్టం కింద టిష్యూ కల్చర్ మొక్కలకు ధ్రువీకరణ ఉంది, వైరస్ పరీక్ష అందులో ముఖ్యమైనది. వెలుగుతో వచ్చే లాభం ఇక్కడే. రంగు, మోతాదు సరిగ్గా ఉంటే అదే సంఖ్య పిలకలకు బీఏపీ కొంత తగ్గించవచ్చేమో చూడాలి. తగ్గితే వేర్లకూ మంచిది, పొలానికీ మంచిది.

వెలుగు మొక్కనే కాదు, మీడియంను కూడా మారుస్తుంది. ఇది చాలామందికి తట్టదు. ఐఏఏ అనే సహజ ఆక్సిన్ ఎమ్మెస్ లవణాల మధ్య వెలుగులో తొందరగా విరిగిపోతుంది. వారం కిందట లీటరుకు ఒక మిల్లీగ్రాము వేశాం కదా అనుకుంటాం, సీసాలో మిగిలింది ఎంతో దీపాన్ని అడగాలి. ఐబీఏ, ఎన్ఏఏ అనే ఆక్సిన్లు ఇంతకన్నా గట్టివి. ఎమ్మెస్‌లోని ఇనుము మరో సంగతి. లీటరుకు 27.8 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్, ఆ ఇనుమును పట్టి ఉంచే 37.3 మిల్లీగ్రాముల సోడియం ఈడీటీఏ కలిసి ఉంటాయి. నీలం, అతినీల లోహిత కాంతి తగిలితే ఆ జంట విడిపోయి ఈడీటీఏ నుంచి ఫార్మాల్డిహైడ్ పుడుతుంది, ఇనుము మొక్కకు అందకుండా పోతుంది. ఆ ఫార్మాల్డిహైడ్ వేర్లను కుంగదీస్తుందని 1991లోనే చూపించారు. పసుపు ఫిల్టర్ అడ్డం పెడితే ఆ నష్టం ఆగింది. కాబట్టి పోసిన మీడియం సీసాలను దీపాల కింద వరసగా పేర్చుకోకండి, చీకటి గదిలో పెట్టండి. ఇనుము స్టాక్ గోధుమరంగు సీసాలో ఉండాలి. నీలం పెంచిన ర్యాక్‌లో వేర్లు సరిగా రాకపోతే అది మొక్క కళ్ల మహిమో, మీడియం పాడైందో తేల్చుకోవడానికి సులువైన దారి ఉంది: సీసా అడుగు భాగానికి, మీడియం మట్టం దాకా, నల్ల కాగితం చుట్టండి. పైన వెలుగు మారలేదు, కింద మారింది. తేడా వస్తే జవాబు అడుగునే ఉంది.

వేర్ల దశలో యాక్టివేటెడ్ చార్‌కోల్ (బొగ్గు పొడి) లీటరుకు ఒకటి రెండు గ్రాములు వేసినప్పుడు జరిగేదీ సగం ఇదే. మీడియం నల్లబడి వేర్లకు చీకటి దొరుకుతుంది, ఫినాల్స్‌ను పీల్చుకుంటుంది. దాంతోపాటు మిగిలిన బీఏపీనీ, మీరు కొత్తగా వేసిన ఐబీఏనూ కూడా పీల్చుకుంటుంది. చార్‌కోల్ లేనప్పుడు, ఉన్నప్పుడు ఒకే ఐబీఏ మోతాదు పనిచేస్తుందని అనుకోకూడదు.

మీ ల్యాబులో ఇది పరీక్షించాలంటే పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. మూడు వెలుగులు: ఇప్పుడున్న తెలుపు, తెలుపుతో ఎరుపు, ఎరుపుతో నీలం. లీటరుకు మిల్లీగ్రాముల్లో నాలుగు బీఏపీ మోతాదులు: సున్నా, 1.5, 3, 4.5. మొత్తం 12 కలయికలు, ఒక్కోదానికి పది సీసాలు. మూడు వెలుగులూ మైక్రోమోల్స్‌లో సమానంగా ఉండాలి. లేకపోతే మీరు రంగును కాక మోతాదును పరీక్షించినట్లే. ర్యాకుల మధ్య నల్ల గుడ్డ కట్టండి, పక్క ర్యాక్ వెలుగు రాకుండా. మొదటి విడత ఫలితం రాసుకోండి గానీ నమ్మకండి, పాత బీఏపీ, పాత వెలుగు ఇంకా లోపల ఉంటాయి. రెండో విడతలో సెంటీమీటరు దాటిన పిలకలు, వాటి ఎత్తు, ముద్దగా మిగిలిన మొదలు బరువు వేర్వేరుగా రాయండి. ఆ తర్వాత అన్నిటినీ ఒకే వేర్ల మీడియంలో పెట్టి ఎన్ని వేర్లు పెట్టాయో లెక్కించండి. పిలకల సంఖ్య ఒక్కటే రాసుకునేవాళ్లు ఎప్పుడూ ఎక్కువ బీఏపీనే గెలిపిస్తారు.

మొదటి సీసాకు వద్దాం. పన్నెండు పిలకలు, అంగుళం దాటలేదు, ఆకు విప్పలేదు, మూతలో చెమ్మ. ఆకు పచ్చగానే ఉండి గుత్తి ముద్దగా ఉంటే బీఏపీ ఎక్కువైంది, తర్వాతి విడతలో సగం చేయండి. ఆకు పాలిపోయి, మొదలు నల్లగా ఉంటే ముందు సీసాలో మైక్రోమోల్స్, అడుగున వేడి కొలవండి. పిలక సన్నగా సాగి పాలిపోయి ఉంటే వెలుగు చాలలేదు లేదా నీలం చాలలేదు. అక్కడ బీఏపీ పెంచితే సన్నటి పిలకలే ఇంకో నాలుగు ఎక్కువొస్తాయి. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, పిలకలు లేవకపోతే జీఏ3 (జిబ్బరెల్లిక్ యాసిడ్) వేయమంటారు కదా?

జవాబు: వేయవచ్చు, లీటరుకు అర నుంచి ఒక మిల్లీగ్రాము, వడకట్టి. లేస్తాయి. సన్నగా లేస్తాయి, షెడ్‌లో పడిపోతాయి. దానికన్నా ముందు బీఏపీ తగ్గించిన మీడియంలో ఒక విడత పెట్టి చూడండి. కాండం పైకి కనిపించే మొక్కల్లో, అంటే ద్రాక్ష, బంగాళదుంప లాంటి కణుపుల కల్చర్లలో, రాత్రి దీపాలు ఆర్పాక పది పదిహేను నిమిషాలు 730 ఫార్‌రెడ్ వేసి చూడవచ్చు. కణుపుల మధ్య దూరం పెరిగే అవకాశం ఉంది, మీడియంలో ఏమీ కలపక్కర్లేదు. అరటిలో పైకి కనిపించేది నిజమైన కాండం కాదు, ఒకదానిమీదొకటి చుట్టుకున్న ఆకు తొడుగులే. అందుకని బంగాళదుంపలో వచ్చిన కొలత అరటిలో అలాగే ఎదురుచూడకండి.

ప్రశ్న: కిటికీ వెలుగు వాడుకుంటే కరెంటు మిగులుతుంది కదండీ?

జవాబు: ఉత్తరం వైపు, నేరుగా ఎండ పడని వెలుగైతే మొక్కకు ఇబ్బంది లేదు. రంగులన్నీ ఉంటాయి. ఇబ్బంది వేడితో. మన మే నెలలో గాజు కిటికీ పక్కన సీసా లోపల ఎంత వేడి ఉంటుందో థర్మామీటర్ పెట్టి చూస్తే, మిగిలిన కరెంటు ఏసీకి పోతుందని మీకే అర్థమవుతుంది. వేర్ల దశ చివరి వారం సీసాలను షేడ్ నెట్ కింద పెట్టి అలవాటు చేయడానికి మాత్రం ఆ వెలుగు బాగా పనికొస్తుంది.

ప్రశ్న: మాకు రోజూ రెండు మూడు గంటలు కరెంటు పోతుంది. ఆ చీకటి వల్ల నష్టం ఉంటుందా?

జవాబు: రెండు గంటల చీకటికి అరటి పిలక ఏమీ అనుకోదు. ఏసీ ఆగడం నష్టం. గది వేడెక్కినప్పుడు సీసాలో గాలి వ్యాకోచించి బయటికి పోతుంది. కరెంటు వచ్చి చల్లబడగానే బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది, దాంతోపాటు బూజు బీజాలనూ. కరెంటు కోతలు ఎక్కువైన వారం తర్వాత కంటామినేషన్ పెరిగితే ఆశ్చర్యం లేదు. రెండోది, తిప్పే గడియారం టైమర్లు. కరెంటు పోయినంతసేపూ అవి ఆగిపోతాయి. రోజుకు రెండు గంటల చొప్పున వెనకబడితే ఆరు రోజుల్లో పగలు రాత్రయి, రాత్రి పగలవుతుంది. మీ దీపాలు పట్టపగలు ఏసీ మీద బరువు ఎక్కువున్నప్పుడు వెలుగుతాయో, అర్ధరాత్రి వెలుగుతాయో మీకే తెలియదు. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ పెట్టండి. దీపాలు సాయంత్రం ఆరింటికి వెలిగి, పొద్దున పదింటికి ఆరేలా పెట్టుకోండి. ఎండ మండే వేళ గదిలో దీపాల వేడి ఉండదు.